252 బిళ్ళల చొక్కా

ఈసారి వ్యాసం కొంచెం పొడుగు, సైన్సు కూడా ఉంది. కష్టమైన మాట వచ్చిన చోట ఆగి చెప్తాను. నేనూ ఆ మాటలు నేర్చుకుంటూనే రాశాను కాబట్టి ఎక్కడ కాలు జారుతుందో నాకు తెలుసు.

కొన్నేళ్ళ కిందట ఒక శనివారం గుడి వంటింట్లో పులిహోర కలుపుతున్నాను. మా మరిది వచ్చి చొక్కా పై రెండు గుండీలు విప్పి చూపించాడు. ఛాతీ మీద ఎర్రటి గుండ్రటి మచ్చలు, వరసలు వరసలుగా ఉన్నాయి.

"వదినా, మొత్తం 252 బిళ్ళలు. ముందు, వెనక, పక్కల, అంతా. గుండెలో కరెంటు ఎక్కడ మొదలవుతోందో బయటి నుంచే బొమ్మ గీస్తారట."

అతని ఇబ్బంది ఏమిటంటే గుండె తన వంతు రాకముందే ఒక దెబ్బ కొడుతుంది. రోజుకి కొన్ని వేలసార్లు. గుండె కింది గదుల్లో ఎక్కడో ఒక చిన్న చోటు తనంతట తనే కరెంటు పుట్టిస్తోంది. ఆ చోటు దొరికితే తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి వైరు పంపి కాల్చేయవచ్చు. దొరకడమే కష్టం.

"ఈసీజీ తీశారు కదా, అందులో తెలియదా?" అని అడిగాను.

"తెలుస్తుందట. కానీ వీధి పేరు తెలుస్తుంది, ఇంటి నంబరు తెలియదు అన్నాడు డాక్టరు."

ఆ మాట నన్ను వదల్లేదు. ఇంటి నంబరు కావాలంటే 12 గీతలు ఎందుకు చాలవు? 252 బిళ్ళలు పెడితే మాత్రం ఎలా తెలుస్తుంది? ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. చూస్తే ఇది నూట యాభై ఏళ్ళు దాటిన ప్రశ్న. పైగా ఇందులో సగం పని మేముండే ఊరికి దగ్గరలో, క్లీవ్‌లాండ్‌లోనే జరిగింది.

గుండెలో కరెంటు ఉందని మొదట చూపించిన పరికరం ఒక కప్ప కాలు. 1842లో ఇటలీలో కార్లో మత్తెయూచ్చి అనే ఆయన కప్ప గుండె కొట్టుకున్నప్పుడల్లా కరెంటు పుడుతుందని రాశారు. 1856లో జర్మనీలో కోలికర్, ముల్లర్ అనే ఇద్దరు కప్ప కాలిని దాని నరంతో సహా కోసి తీసి, ఆ నరాన్ని కొట్టుకుంటున్న గుండె మీద పెట్టారు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ, దానికి కొంచెం ముందుగా, కాలు ఎగిరింది. కొలిచే మీటరు లేని రోజుల్లో కాలే మీటరు. 'కొంచెం ముందుగా' అన్నది గమనించండి. ముందు కరెంటు, తరవాత కండరం ముడుచుకోవడం. మా మరిది గుండెలో కూడా ముందుగా వచ్చే కరెంటుతోనే గొడవ.

ఈ రెండు సంఘటనల మధ్యలో, 1853లో, ఇంకో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ ఒక వ్యాసం రాశారు. అప్పటికి మనిషి ఈసీజీ ఎవరూ తీయలేదు. తీయడానికి ఇంకా 34 ఏళ్ళు ఉంది. అయినా అది ఎంతవరకు చెప్పగలదో, ఎక్కడ ఆగిపోతుందో ఆయన అప్పుడే లెక్కకట్టి చూపించారు. ఉప్పునీళ్ళలాగా కరెంటును పారనిచ్చే ఒక వస్తువు ఉందనుకోండి. మన ఒళ్ళు అలాంటిదే. దాని లోపల కరెంటు పుట్టే చోట్లు కొన్ని ఉన్నాయి. మనం పైన మాత్రమే కొలవగలం. లోపల ఏముందో తెలిస్తే పైన ఏం వస్తుందో కచ్చితంగా చెప్పవచ్చు. కానీ పైన కొలిచినదాన్ని బట్టి లోపల ఏముందో ఒకే ఒక్క జవాబు రాదు. లోపల వేరువేరు అమరికలు ఎన్ని ఉన్నా పైన ఒకే కొలతలు రావచ్చు. అలాంటి అమరికలకు లెక్క లేదు.

దీన్ని తెలుగులో 'విలోమ సమస్య' అంటారట. విలోమం అంటే తలకిందులు, ఎదురు దిక్కు. నేను 'వెనక్కి లెక్క' అని రాసుకున్నాను. ఇక్కడ కూడా అదే వాడతాను.

మా గుడి హాల్లో ఒకసారి తోలుబొమ్మలాట పెట్టారు. తెల్లటి తెర, వెనక దీపం, మధ్యలో బొమ్మలు. బొమ్మని తెరకి ఆనించి పట్టుకుంటే హనుమంతుడి తోక వెంట్రుకలు కూడా కనిపిస్తాయి. ఒక అడుగు వెనక్కి జరిపితే చాలు, నీడ పెద్దదై మసకబారుతుంది. ఆ నీడను మాత్రమే చూసి ఆడించేవాళ్ళు ఎంతమంది, ఎవరి చేతిలో ఏ పుల్ల ఉంది అని చెప్పమంటే చెప్పగలరా? రెండు బొమ్మలు ఒకదాని వెనక ఒకటి ఉంటే నీడ ఒక్కటే పడుతుంది. మన చర్మం ఆ తెర. గుండె తెరకి కొన్ని అంగుళాలు వెనక ఉంది. మధ్యలో ఊపిరితిత్తులు, ఎముకలు, కొవ్వు.

ఇప్పుడు మనిషి దగ్గరికి వద్దాం. 1887లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో ఆగస్టస్ వాలర్ అనే ఆయన ఒళ్ళు కోయకుండా, పైనుంచే, మనిషి గుండె కరెంటును మొదటిసారి రికార్డు చేశారు. ఆయన వాడింది లిప్‌మన్ తయారుచేసిన కేశనాళిక. వెంట్రుకంత సన్నటి గాజు గొట్టంలో పాదరసం, దాని మీద ఆమ్లం. కొంచెం వోల్టేజ్ తగిలితే పాదరసం అంచు పైకీ కిందికీ జరుగుతుంది. ఆ కదలికను ఫోటో ప్లేటు మీద పట్టాలి, ప్లేటేమో ఒకే వేగంతో కదలాలి. వాలర్ ఆ ప్లేటును ఒక బొమ్మ రైలు బండి మీద పెట్టి నడిపించారు. మన పిల్లలు ఆడుకునే బొమ్మ రైలే.

చర్మం మీద దొరికే వోల్టేజ్ ఎంతో తెలుసా? సుమారు ఒక మిల్లీవోల్టు. టార్చిలైటులో వేసే చిన్న బ్యాటరీ 1500 మిల్లీవోల్టులు. పాదరసం ఎంత కొద్దిగా కదిలి ఉంటుందో మీరే ఊహించుకోండి.

వాలర్ దగ్గర జిమ్మీ అనే బుల్‌డాగ్ ఉండేది. దాని కాళ్ళను ఉప్పునీళ్ళున్న గిన్నెల్లో పెట్టి, కదలకుండా నిలబెట్టి, అందరికీ దాని గుండె కరెంటు చూపించేవారు. 1909లో రాయల్ సొసైటీలో ఇలా చూపించాక బ్రిటిష్ పార్లమెంటులో ఒక సభ్యుడు లేచి ఇది మూగజీవాన్ని హింసించడం కాదా, దాని మెడకు మేకుల పట్టీ వేశారట కదా అని అడిగారు. హోం మంత్రి హెర్బర్ట్ గ్లాడ్‌స్టన్ సమాధానం నాకు చాలా ఇష్టం. ఆ నీళ్ళలో కలిపింది మామూలు ఉప్పు, సముద్రంలో పాదాలు తడుపుకున్న వాళ్ళకి అది ఎలా ఉంటుందో తెలుసు, మెడలో ఉన్నది ఇత్తడి బొడిపెలున్న తోలు పట్టీ, అని చెప్పారు.

జిమ్మీ కథ చాలామంది చెప్తారు. వాలర్ చేసిన ఇంకో పని గురించి తక్కువ చెప్తారు. ఆయన మనిషి ఒంటి బొమ్మ గీసి, దాని మీద సమానమైన వోల్టేజ్ ఉన్న చోట్లను కలుపుతూ గీతలు గీశారు. టీవీలో వాతావరణ వార్తల్లో మ్యాపు మీద గీతలుంటాయే, అలా. గుండె వాలుగా ఉంది కాబట్టి ఆ గీతలు కూడా వాలుగా, ఒక భుజం వైపు ఒక రకంగా, పొట్ట ఎడమ వైపు ఇంకో రకంగా పంచుకుని ఉన్నాయి. నేను చూసినంతలో గుండె కరెంటుకు మొదటి 'బొమ్మ' అదే. ఒక గీత పైకీ కిందికీ పోవడం వేరు. కరెంటు ఒంటి మీద ఎలా పరుచుకుందో చూపించడం వేరు.

ఇక్కడ ఒక మాట. ఇలా పరుచుకున్నదాన్ని తెలుగులో విద్యుత్ క్షేత్రం అంటారు. క్షేత్రం అంటే నాకు శ్రీశైలం, తిరుపతి మాత్రమే తెలుసు. నిఘంటువులో చూస్తే పొలం అని కూడా ఉంది. భగవద్గీత 13వ అధ్యాయంలో శరీరమే క్షేత్రం. సైన్సు పుస్తకాలకి ఈ మాటను ఎంచినవాళ్ళు ఎవరో గానీ, వాళ్ళకు దణ్ణం పెట్టాలి.

తను కనిపెట్టినదాని మీద వాలర్‌కే పెద్ద నమ్మకం లేదు. 1911 నాటికి కూడా ఆసుపత్రుల్లో దీని వాడకం పెద్దగా ఉంటుందని అనుకోవడం లేదని రాశారు. నమ్మినవారు విల్లెం ఐంథోవెన్. ఈయన పుట్టింది 1860లో, జావా దీవిలోని సెమరాంగ్‌లో. తండ్రి చనిపోయాక తల్లి పిల్లల్ని తీసుకుని హాలండ్ వచ్చేసింది. 1889లో బాజెల్‌లో జరిగిన సభలో వాలర్ చేసి చూపించినది ఐంథోవెన్ చూశారు. పాదరసం బరువుగా, మందంగా కదులుతుంది కాబట్టి అది చూపించే గీత నిజమైన గీత కాదని ఆయనకు తెలుసు. మొదట ఏం చేశారంటే, పాదరసం ఎంత ఆలస్యంగా కదులుతుందో కొలిచి, వెనక్కి లెక్కకట్టి, అసలు గీత ఎలా ఉండాలో కాగితం మీద గీశారు. అందులోని ఎత్తుపల్లాలకు పి, క్యూ, ఆర్, ఎస్, టి అని పేర్లు పెట్టారు. ఇప్పటికీ అవే పేర్లు.

తరవాత పాదరసాన్ని పక్కన పెట్టేశారు. వెండి పూత పూసిన సన్నటి స్ఫటిక దారాన్ని బలమైన అయస్కాంతం మధ్య బిగించారు. దారంలో గుండె కరెంటు పారితే దారం పక్కకి జరుగుతుంది. 1901లో ఈ యంత్రం గురించి రాశారు. దాని బరువు సుమారు 270 కిలోలు, నడపడానికి ఐదుగురు కావాలి, అయస్కాంతం వేడెక్కకుండా నీళ్ళు పారించాలి. దాన్ని ఆసుపత్రికి మోసుకెళ్ళలేరు, రోగుల్ని లాబుకి తీసుకురాలేరు. 1905లో ఆసుపత్రి నుంచి లాబుకి ఒకటిన్నర కిలోమీటర్ల టెలిఫోను తీగ వేసి, అక్కడున్న రోగి గుండెను ఇక్కడ రాశారు. నూట ఇరవై ఏళ్ళ కిందట! 1924లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. తనతో పనిచేసిన సహాయకుడి కోసం వెతికించి, అతను చనిపోయాడని తెలిసి, అతని ఇద్దరు అక్కచెల్లెళ్ళకు బహుమతి డబ్బులో సగం ఇచ్చారని ఒక కథ చెప్తారు.

గీత స్పష్టంగా రావడానికి ఐంథోవెన్ చేసినదంతా గొప్ప పని. కానీ గుండె ఎక్కడుంది, కరెంటు ఎటు పోతోంది అని లెక్క కట్టేటప్పుడు ఆయన చాలా సులువు చేసుకున్నారు. రెండు చేతులు, ఎడమ కాలు కలిపి ఒక సమబాహు త్రిభుజం అన్నారు. గుండె దాని మధ్యలో ఉన్న ఒకే ఒక బాణం. ఇందులో తప్పేమీ లేదు, చాలా పనులకి ఆ బాణం సరిపోతుంది. తరవాత మిషిగన్‌లో ఫ్రాంక్ విల్సన్ 1934లో ఛాతీ మీద కొలిచే పద్ధతి ఇచ్చారు, 1942లో గోల్డ్‌బర్గర్ ఇంకో మూడు గీతలు కలిపారు. పది బిళ్ళలు, పన్నెండు గీతలు. మీరూ నేనూ తీయించుకునే ఈసీజీ అక్కడితో పూర్తయింది. 80 ఏళ్ళుగా పెద్దగా మారలేదు. మోంటానాలో నార్మన్ హోల్టర్ 1940ల్లో దీన్ని వీపుకి తగిలించుకుని తిరిగే యంత్రంగా చేశారు. మొదటిది 38 కిలోలు ఉండేది. మా మరిది దెబ్బల్ని లెక్కపెట్టింది దాని మునిమనవడే, అగ్గిపెట్టెంత ఉంది.

డాక్టరు చెప్పిన వీధి పేరు ఆ బాణమే. బాణం ఏ దిక్కుకి తిరిగి ఉందో చూసి, దెబ్బ కుడి వైపు నుంచి వస్తోందా, ఎడమ వైపు నుంచా, పైనుంచా, కిందినుంచా అని చెప్తారు. అనుభవం ఉన్న డాక్టరు ఇంకా దగ్గరగా చెప్పగలడు. కానీ అది గుర్తుపట్టడం. చూడటం వేరు.

బాణం చాలదని గట్టిగా చూపించినవారు ఇటలీకి చెందిన బ్రూనో తక్కార్ది. 1963లో ఆయన ఆరోగ్యంగా ఉన్న మనుషుల ఛాతీ మీద, వీపు మీద, వంద దాటి చోట్ల కొలిచి, వాలర్ గీసినట్టే గీతల బొమ్మలు గీశారు. నిజంగా ఒక్క బాణమే ఉంటే ఒక ఎత్తు, ఒక పల్లం ఉండాలి. కొన్ని క్షణాల్లో ఒకటి కంటే ఎక్కువ ఎత్తులు, ఎక్కువ పల్లాలు కనిపించాయి. అంటే గుండెలో ఒకే సమయంలో రెండు మూడు చోట్ల వేరువేరు పనులు జరుగుతున్నాయి, వాటి గుర్తు చర్మం దాకా వస్తోంది. పది బిళ్ళల మధ్యలోంచి అది జారిపోతోంది. అదే ఏడాది అమెరికాలో సిరక్యూస్‌లో ఇద్దరు ఇంజనీర్లు, బౌల్, మెక్‌ఫీ, కరెంటును వదిలేసి గుండె చుట్టూ పుట్టే అయస్కాంత బలాన్ని కొలిచారు. ఒక్కొక్క తీగ చుట్టలో ఇరవై లక్షల చుట్లు. భూమి అయస్కాంత బలంలో గుండెది సుమారు పది లక్షల వంతు. అది వేరే దారి, ఇంకో వ్యాసానికి సరిపడా ఉంది, ఇక్కడ వదిలేస్తాను.

సరే, బయట బొమ్మ ఉంది. లోపలి నిజం ఎలా తెలుస్తుంది? 1970లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డర్క్ డ్యూరర్, ఆయన తోటివారు ఒక పని చేశారు. చదువుతుంటే నాకు చేతులు వణికాయి. మెదడుకి దెబ్బ తగిలో, మరోలాగో చనిపోయిన ఏడుగురి గుండెల్ని, బయటికి తీసి, ద్రవం పారించి, మళ్ళీ కొట్టుకునేలా చేశారు. ఆ గోడల్లోకి సూదులు గుచ్చి, ఒక్కో గుండెలో 870 దాకా చోట్ల, కరెంటు ఏ మిల్లీసెకనులో వచ్చిందో రాసుకున్నారు. ఎడమ కింది గదిలో మూడు చోట్ల ఇంచుమించు ఒకేసారి మొదలవుతుందని అప్పుడే తెలిసింది. గుండె అసలు దారి ఏమిటి అంటే డాక్టర్లు చాలా ఏళ్ళు ఆ ఏడు గుండెల పటాన్నే చూపించారు. ఆ ఏడుగురి కుటుంబాల గురించి ఆ పేపర్లో ఏమీ ఉండదు. నేను మాత్రం గుడిలో దీపం పెట్టేటప్పుడు అప్పుడప్పుడు వాళ్ళని తలుచుకుంటాను.

బతికున్న మనిషి గుండెలో సూదులు గుచ్చలేం కదా. ఇక్కడే హెల్మ్‌హోల్ట్జ్ వేసిన తాళానికి ఒక చిన్న కిటికీ దొరికింది. గుండె లోపల కరెంటు ఎక్కడెక్కడ పుడుతోంది అని అడిగితే జవాబులు లెక్కలేనన్ని. కానీ గుండె పైపొర మీద ఎక్కడ ఎంత వోల్టేజ్ ఉంది అని అడిగితే, గుండెకీ చర్మానికీ మధ్యలో కరెంటు పుట్టే చోటేదీ లేదు కాబట్టి, లెక్క ప్రకారం జవాబు ఒకటే. తోలుబొమ్మల్లో చెప్పాలంటే, ఆడించేవాళ్ళు ఎంతమంది అని అడగడం మానేసి, బొమ్మ అంచు ఎలా ఉంది అని మాత్రం అడుగుతున్నాం. చిన్న ప్రశ్న అడిగితే జవాబు దొరికింది. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో బార్, స్పాక్ 1970ల చివర్లో కుక్కల మీద ఇది చేసి చూశారు.

జవాబు ఒకటే అయినా, అది చేతికి చిక్కడం ఇంకా కష్టమే. మీ ఫోన్‌లో ఒక మసక ఫోటో తీసుకుని బాగా షార్ప్ చేసి చూడండి. ముఖం బాగుపడే లోపలే లేని మచ్చలు లేస్తాయి. ఇక్కడా అంతే. శరీరం గుండె బొమ్మని మసక చేసి చర్మం దాకా పంపింది. వెనక్కి లెక్క చేస్తే ఆ మసకని తీసేయాలి. ఒక బిళ్ళ సరిగ్గా అంటుకోకపోయినా, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ కొంచెం లేచినా, ఆ చిన్న తప్పు గుండె మీద కొండంత వోల్టేజ్ అయి కూర్చుంటుంది. దీనికి రష్యన్ గణిత శాస్త్రవేత్త తిఖోనోవ్ 1963లో ఒక మందు రాశారు. వచ్చే జవాబుల్లో కొలతలకి బాగానే సరిపోతూ, పిచ్చిగా ఎగరకుండా నెమ్మదిగా ఉన్న జవాబుని ఎంచుకో అని. మంచి సలహా. కానీ అందులో ఒక నమ్మకం దాగి ఉంది: గుండె కూడా నెమ్మదిగానే ఉంటుంది అని. నిజంగా పదునైన అంచు ఉన్న చోట ఈ పద్ధతి ఆ అంచుని గుండ్రంగా చేసేస్తుంది.

క్లీవ్‌లాండ్‌లో కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీలో యోరం రూడీ అనే ఆయన ఈ లెక్క మీదే దశాబ్దాలు కూర్చున్నారు. ఇజ్రాయెల్ నుంచి వచ్చి ఇక్కడే పీహెచ్‌డీ చేశారు. తన జవాబు నిజమో కాదో పరీక్షించడానికి మనిషి మొండెం ఆకారంలో ఒక తొట్టి, అందులో ఉప్పులాంటి ద్రవం, మధ్యలో కొట్టుకుంటున్న కుక్క గుండె. తక్కార్ది అప్పటికి అమెరికాలో యూటాకి వచ్చేశారు. తొట్టి ప్రయోగాలు ఆయన బృందంతో కలిసి చేశారు. గుండె మీద నేరుగా కొలిచింది ఒక పక్క, తొట్టి అంచు నుంచి వెనక్కి లెక్క కట్టింది ఇంకో పక్క. 1997లో రాసిన పేపర్లో, కరెంటు మొదలైన చోటు సుమారు ఒక సెంటీమీటరు లోపు తేడాతో దొరికిందని చూపించారు.

2004లో నేచర్ మెడిసిన్ పత్రికలో మనుషుల మీద ఫలితాలు వచ్చాయి. మొదటి పేరు చారులత రామనాథన్. పద్ధతి చెప్పడానికి సులువే. ఛాతీ అంతా వందలకొద్దీ బిళ్ళలున్న చొక్కా తొడుగుతారు. సీటీ స్కాన్ తీసి బిళ్ళలు ఎక్కడున్నాయో, గుండె ఎక్కడుందో, ఏ ఆకారంలో ఉందో కొలుస్తారు. కంప్యూటరు వెనక్కి లెక్క కట్టి గుండె మీద రంగులు వేస్తుంది. కరెంటు ముందు వచ్చిన చోటు ఎర్రగా, ఆఖరున వచ్చిన చోటు నీలంగా. 2006లో ఇదే బృందం ఆరోగ్యంగా ఉన్న మనుషుల గుండెను ఇలాగే చూపించింది. ఎంతమందిని? ఏడుగురిని. డ్యూరర్ ఏడు గుండెలు గుర్తొచ్చాయా? నాకు గుర్తొచ్చాయి. వీళ్ళు మాత్రం చొక్కా విప్పేసి ఇంటికి నడిచి వెళ్ళారు.

అదే ఏడాది రామనాథన్, పింగ్ జియా క్లీవ్‌లాండ్‌లో కార్డియోఇన్‌సైట్ అనే కంపెనీ పెట్టారు. 252 బిళ్ళల చొక్కా ఆ కంపెనీదే. 2015లో దాన్ని మెడ్‌ట్రానిక్ కొనేసింది.

రూడీ ఈలోగా సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి వెళ్ళారు. అక్కడ ఫిలిప్ కుకులిచ్ అనే గుండె డాక్టరు, క్లిఫర్డ్ రాబిన్సన్ అనే క్యాన్సర్ రేడియేషన్ డాక్టరు కలిసి ఒక సాహసం చేశారు. గుండె ఆగకుండా పరిగెత్తే జబ్బుతో, మందులకీ వైర్లకీ లొంగని ఐదుగురు రోగులు. చొక్కాతో చోటు కనిపెట్టి, క్యాన్సర్ గడ్డకి ఇచ్చే రేడియేషన్ లాంటిదే ఆ చోటుకి ఒక్కసారి ఇచ్చారు, 25 గ్రే. వైరు లేదు, మత్తు లేదు, కోత లేదు. ఒక్కొక్కరికి సగటున 14 నిమిషాలు. అంతకు ముందు మూడు నెలల్లో ఐదుగురికీ కలిపి 6577 సార్లు గుండె అలా పరిగెత్తింది. చికిత్స తరవాత ఆరు వారాల్లో ఇంకా 680 సార్లు. ఆ తరవాత అందరినీ కలిపి గమనించిన 46 నెలల్లో 4 సార్లు. ఐదుగురిలో ఒకరు మూడు వారాలకే పక్షవాతంతో చనిపోయారు. 2017 డిసెంబరులో ఇది న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. ఐదుగురు అంటే చాలా తక్కువమంది. అయినా ఒకటి గమనించండి. ఇక్కడ లోపలికి వెళ్ళి సరిచూసుకునే వైరు లేదు. గురి చూసే చోట బయటి నుంచి గీసిన బొమ్మ తప్పయితే మంచి కండరం కాలిపోతుంది.

ఇప్పుడు మళ్ళీ మా మరిది.

బొమ్మ వచ్చింది. కుడి కింది గది నుంచి రక్తం పైకి పోయే దారి దగ్గర ఎర్రటి మచ్చ. కాల్చడానికి ముందు రోజు డాక్టరు మా అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. ఈ చొక్కా గుండె పైపొరనే చూస్తుంది. కుడి దారికీ ఎడమ దారికీ మధ్య ఒక గోడ ఉంటుంది, ఆ గోడ లోపల ఉంటుంది, పైపొర కాదు. కాబట్టి కుడి అని చూపిస్తున్నా ఎడమ కావచ్చు అని. మా తోడికోడలు నా వైపు చూసింది. నేను హెల్మ్‌హోల్ట్జ్‌ని తలుచుకున్నాను. చిన్న ప్రశ్న అడిగి జవాబు తెచ్చుకున్నాం కదా, అడగని సగం ఇదిగో, ఇక్కడ నిలబడి ఉంది.

మర్నాడు కుడి వైపు వెళ్ళి రెండుసార్లు కాల్చారు. దెబ్బలు ఆగాయి, కాసేపటికి మళ్ళీ మొదలయ్యాయి. అప్పుడు ధమనిలోంచి ఎడమ వైపు వెళ్ళారు. గోడకి అవతలి పక్క, కొన్ని మిల్లీమీటర్ల దూరంలో, దొరికింది. మేము బయట కుర్చీల్లో నాలుగు గంటలు అనుకున్నది ఆరు గంటలు కూర్చున్నాం. మా తోడికోడలు విష్ణు సహస్రనామం మూడుసార్లు చదివింది.

"మరి ఆ చొక్కా తప్పు చెప్పినట్టా?" అని తరవాత మరిదిని అడిగాను.

"ఇల్లు సరిగ్గానే చెప్పింది వదినా. ఏ గదో చెప్పలేదు" అన్నాడు నవ్వుతూ.

2019లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో డాక్టర్లు యాభై దాటి రోగుల్లో ఈ చొక్కా బొమ్మని, గుండె పైపొరని వైరుతో తాకి గీసిన బొమ్మని పక్కపక్కన పెట్టి చూశారు. మొత్తం మీద రెండూ సరిగ్గా కలవలేదు. ఈసీజీలో దెబ్బ వెడల్పుగా ఉన్నవాళ్ళలో కొంచెం మెరుగు, ఇరుకుగా ఉన్నవాళ్ళలో చాలా తేడా. లేని చోట 'ఇక్కడ కరెంటు ఆగిపోయింది' అన్నట్టు గీతలు కూడా కనిపించాయి. విశేషం ఏమిటంటే, బోర్డో వాళ్ళు ఈ చొక్కాని అందరికంటే ఎక్కువగా వాడి, దాని గురించి ఎన్నో మంచి పేపర్లు రాసినవాళ్ళు. వాళ్ళే సరిచూసి, వాళ్ళే రాశారు. నాకు ఈ కథలో బొమ్మ రైలు తరవాత నచ్చింది ఇదే.

మరిది తన రంగుల బొమ్మని ప్రింటు తీసి నాకిచ్చాడు. ఈ వ్యాసం రాస్తున్నప్పుడు దాన్ని వాలర్ గీసిన గీతల బొమ్మ పక్కన పెట్టుకున్నాను. వాలర్ బొమ్మలో గుండె వాలుగా, గీతలు ఒళ్ళంతా పరుచుకుని ఉన్నాయి. మరిది బొమ్మలో గుండె ఒక్కటే, మామిడిపండంత, ఎరుపు నుంచి పసుపు, ఆకుపచ్చ, నీలం. ఎర్రటి మచ్చ మీద డాక్టరు పెన్నుతో ఒక చిన్న సున్నా చుట్టారు. దాని పక్కనే, కొంచెం ఎడంగా, ఆపరేషన్ అయ్యాక చుట్టిన ఇంకో సున్నా ఉంది. రెండు సున్నాల అంచులు ఒకదానికొకటి తగులుతున్నాయి.